పతివ్రత కుళాయికి పోదు

పెళ్లయ్యాక నేను దూరవిద్యలో బీఏ కట్టాను. మేముండేది తమిళనాట కాబట్టి పాఠాల్లో ఒక పాత తమిళ నవల ఉండేది. చాలా గొప్పదని పేరు. ఆ రోజుల్లోనే మా అత్తకు కంటి ఆపరేషన్ అయింది. టీవీ చూడొద్దన్నారు డాక్టరు. సీరియళ్లు లేక ఆమె అల్లాడిపోతుంటే, నా చదువూ సాగుతుందని ఆ నవలే పైకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. కన్ను నయమై మళ్లీ ఇంటి పనుల్లో పడ్డాక కూడా ఆమె నన్ను ఆపనివ్వలేదు.

అత్త బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఆమె గొంతు ఆ మోతను మించి పలుకుతుంది. నవలలో నాయిక గొంతు మాత్రం ఎక్కడా పైకి లేవదు. భర్త కోప్పడితే తలుపు చాటున ఏడుస్తుంది. ఆయన చెప్పనిదే ఏ పనీ చెయ్యదు. గడప అసలే దాటదు.

"పావం, ఆ పిల్లకి వేరే పనే లేదా?" అంది అత్త.

వసారాలో కూర్చుని వింటున్న మామ కళ్లు తుడుచుకున్నారు. "ఆడదంటే అట్ల ఉండాల. మన ఇంట్లోనూ ఉండాది ఒకటి!"

అత్త ఆ తలుపు చాటు ముక్క నాతో మళ్లీ చదివించుకుంది. నాకు భయమేసింది.

మర్నాడు పొద్దున మామ కాఫీ అడిగారు. తలుపు చాటు నుంచి సన్నని గొంతు వినిపించింది. "స్వామీ, పాలు పొంగతా ఉండాయి. అడుప్పు ఆపేదానికి మీ అనుమతి ఉండాదా?"

మామ తేరుకునేలోపు పాలు నేలకు దిగాయి.

కాసేపటికి వీధిలో కుళాయి వచ్చింది. మా వీధికి నీళ్లొస్తే ఎక్కడి పనులక్కడ వదిలి బిందెలతో పరిగెత్తాల్సిందే. నేను లేవబోతే అత్త నా కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"నీళ్లు పోతాయే, పోవే!" అని అరిచారు మామ.

"వీధిలో పరాయి మొగోళ్లు ఉండారు స్వామీ" అని ఆమె ఇంకాస్త లోపలికి జరిగింది.

చివరికి మామే పంచె ఎగ్గట్టి బిందె ఎత్తుకున్నారు. కిటికీలోంచి నాకు అన్నీ వినిపిస్తున్నాయి.

"ఏమన్నా, అక్క ఊరికి పోయినాదా?" అని అడిగింది ఎదురింటామె.

"లేదమ్మా. ఇంట్లోనే ఉండాది" అన్నారు మామ నీరసంగా. "పతివ్రతగా ఉండాది."

వీధంతా ఘొల్లుమంది.

ఆయన తడిసిన పంచెతో వచ్చి తలుపు ముందు నిలబడ్డారు. "చాలు తల్లీ. ముందు ఎట్లుంటివో అట్లే ఉండు."

"ఇది మీ ఆజ్ఞా స్వామీ?"

"ఆజ్ఞ కాదే, మొర!"

అత్త కొంగు బిగించి బయటికొచ్చి బిందెలోకి తొంగిచూసింది. "ఇంతసేపు పోయి సగం బిందె తెచ్చినావా?" ఆమె అసలు గొంతు విని మామ ముఖం వెలిగిపోయింది.

మరికొన్నాళ్లకు ఆఖరి అధ్యాయం చదివాను. నాయిక అందరినీ క్షమించి చనిపోతుంది. అత్త ఎగతాళి చేస్తుందనుకున్నాను. ఆమె పుస్తకం తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"ఇంత పెద్ద కతలో, ఆ పిల్ల తిన్నిందా అని ఒకరూ అడగలేదే" అంది.

"నేను అడుగుతాను కదా! పొద్దున కూడా అడిగినాను" అన్నారు మామ వసారా నుంచి.

"అడిగినావు. తిన్నాననేసరికి, నాకేమన్నా మిగిలిందా అని అడిగినావు."