శనికి కాపడం

మొన్న డబ్లిన్‌లో వర్షం తప్పించుకుందామని క్యాంపింగ్ సామాన్లు అమ్మే కొట్లోకి దూరితే, మూలన చుట్టలుగా నిలబెట్టిన నల్ల ఫోమ్ చాపల వాసన గుప్పున కొట్టింది. కొత్త చెప్పుల వాసనలో కాస్త కిరసనాయిలు కలిపినట్టుండే ఆ వాసన తగిలితే చాలు, నాకు మళ్లీ పదకొండేళ్లు వచ్చేస్తాయి, చేతులు కత్తెర కోసం వెతుక్కుంటాయి.

అప్పుడు మేం డబ్లిన్‌కి దగ్గర్లోని నేవన్ అనే ఊళ్లో, ఊరి చివర ఎస్టేట్ అని పిలిచే ఇళ్ల కాలనీలో ఉండేవాళ్లం. మాంద్యం వచ్చి దేశమంతా క్రేన్లు ఎక్కడివక్కడ ఆగిపోయిన రోజులవి. ఇళ్లు కట్టే కంపెనీలో ఇంజినీరుగా ఉన్న నాన్నకి ఉద్యోగం పోయింది. అమ్మ ఆసుపత్రిలో నర్సు కాబట్టి ఇల్లు గడిచేది. మా పెరటి గోడకి అవతల సగం కట్టి వదిలేసిన ఇళ్లుండేవి. కిటికీలకి అద్దాల్లేవు, దీపస్తంభాలు పాతారు గానీ కరెంటు ఇవ్వలేదు. పెద్దవాళ్లకి అటు చూస్తేనే దిగులు. నాకు మాత్రం అదొక వరం, ఎందుకంటే ఆ వైపు ఆకాశం కాటుకలా నల్లగా ఉండేది, చుక్కలు చెంబుతో కుమ్మరించినట్టు కనబడేవి.

పక్కింటి కార్పెంటర్ డెక్లన్ పని వెతుక్కుంటూ ఆస్ట్రేలియా వెళ్లిపోతూ, తన పాత టెలిస్కోపుని మా గుమ్మంలో పెట్టి పాపకివ్వండి అని వెళ్లాడు. దాని మూడు కాళ్లూ చలిజ్వరం వచ్చినట్టు వణికేవి, గురి చూసే చిన్న గొట్టం ఊడిపోయింది, కటకం మీద ఉండాల్సిన తొడుగు ఎప్పుడో పోయింది. గడ్డం పెంచుకుని సోఫాకి అతుక్కుపోయిన నాన్న దాన్ని రెండ్రోజులు చూసీ చూడనట్టు చూశారు. మూడో రోజు స్క్రూడ్రైవరు అడిగారు. నేను మెట్లమీద నుంచి దాదాపు దొర్లుకుంటూ వెళ్లి తెచ్చిచ్చాను.

ఇక మా వంటింట్లో ఏ వస్తువుకీ భద్రత లేకుండా పోయింది. జిప్పున్న బాస్మతి సంచిలో పెరటి మట్టి నింపి మూడు కాళ్ల మధ్య వేలాడదీస్తే వణుకు తగ్గింది. సింకు కింద మిగిలిన పైపు ముక్క గురిగొట్టమైంది. చీకట్లో కళ్లు చెదరకుండా టార్చికి ఎర్ర గుడ్డ కట్టాలంటే, నానమ్మ పెట్టెలోంచి తాంబూలంలో వచ్చిన రవికెల గుడ్డ బయటికొచ్చింది. ఐర్లాండు మంచుకి కటకం నిమిషాల్లో చెమర్చేస్తుంది కాబట్టి, ఫోమ్ చాప కత్తిరించి మూర పొడుగు తొడుగు చుట్టాం. అది మూడుసార్లు వంకరగా వచ్చింది. నాన్న ఒక్కసారీ విసుక్కోలేదు.

అప్పటికే నానమ్మ గుంటూరు నుంచి ఆర్నెల్లు ఉండటానికి వచ్చి ఉంది. పుల్లటి కుకింగ్ యాపిల్‌తో ఉగాది పచ్చడి చేసి, మామిడికాయ లేని దేశం దేశమేనా అని గొణుక్కుంటూనే గిన్నె ఊడ్చి తినేసింది. నేను ఇంగ్లీషులో జవాబిస్తే వినబడనట్టు కూర్చునేది, అలా నాకు తెలుగు పట్టుబడింది. నాన్నకి ఏలినాటి శని నడుస్తోందని, ఉద్యోగం అందుకే పోయిందని ఆవిడ గట్టి నమ్మకం. మేం ఇదంతా తయారుచేస్తున్నది శనిగ్రహాన్ని చూడ్డానికేనని తెలిసిన రోజు అన్నం ముట్టలేదు.

"గుళ్లోనే ఆయనకి ఎదురుగా నిలబడం కదే అమ్మడూ. నువ్వు అద్దాలెట్టి మరీ మీదకి లాక్కుంటావా?"

నాకు శని కన్నా నాన్న గురించిన బెంగే ఎక్కువ. దరఖాస్తులన్నీ తిరిగొస్తున్న ఆ యేడు, ఆయన చేత్తో చేసింది ఒక్కటైనా పనిచెయ్యాలి. అదొక్కటే నా కోరిక.

వారాల తరబడి మబ్బులు పట్టాక ఏప్రిల్లో ఒక సాయంత్రం ఆకాశం కడిగినట్టు తేటపడింది. భోజనాలు ముగించి పెరట్లో అన్నీ అమర్చాం. శని గోడ మీదుగా పైకొచ్చాడు. నాన్న గురి కుదిర్చి, కన్ను ఆనించి, అలాగే ఉండిపోయారు. తొడుగుంది, అయినా కటకం చెమర్చింది. తుడిస్తే గీతలు పడతాయి, తుడవకూడదు. కాసేపాగి చూశాం, తెల్లటి మసకే.

"వదిలెయ్ తల్లీ," అన్నారు నాన్న మెల్లగా. "ఈ యేడు నేను పట్టుకున్నదేదీ అవ్వదు." ఒక్కో కాలూ మడవడానికి వంగారు.

వంటింటి గుమ్మంలో నానమ్మ కూర్చుని, పెనం మీద వేయించిన ఉప్పు మూటతో మోకాలికి కాపడం పెట్టుకుంటోంది. ఆ మాట వింది. చీర మీద నాన్న కోటు వేసుకుని, మూట పట్టుకుని, కుంటుకుంటూ గడ్డిలోకి వచ్చింది.

"ఇది చుట్టరా. వేడికి చెమ్మ నిలవదు."

నాన్న మడవబోయిన కాలు వదిలేసి, తొడుగు వెనకాల గొట్టానికి ఆ మూట చుట్టి కట్టారు. మసక అంచుల నుంచి కరగడం మొదలెట్టింది. ముందు నన్నే చూడమన్నారు. నల్లటి ఆకాశంలో, పసుపు ముద్ద చుట్టూ ఉంగరం! బొమ్మలో ఉన్నట్టే, కానీ నిజంగా! నేను పెట్టిన కేకకి ఎస్టేట్‌లో కుక్కలన్నీ లేచాయి. నాన్న చూశారు, నేను మళ్లీ చూశాను, ఇద్దరం చిన్నపిల్లల్లా తోసుకున్నాం.

చివరికి నానమ్మ దణ్ణం పెట్టుకుని ఒక కన్ను మూసి వంగింది. చాలాసేపు లేవలేదు.

"ఇంత చిన్నవాడా శేఖరా, ఇన్నాళ్లూ నిన్ను ఏడిపించింది?"

నాన్న నవ్వారు. నెలల తర్వాత ఆయన గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, ఎర్ర టార్చి వెలుగులో ఎవరికీ కనబడలేదు. మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఈసారి కటకానికి వేడి తగిలే కొత్త తొడుగు ఎలా ఉండాలో కాగితం మీద గీస్తూ కూర్చున్నారు.

ఇప్పుడా ఇళ్లన్నీ పూర్తయ్యాయి, వాటి నిండా పిల్లలున్నారు, వీధి దీపాలు తెల్లవార్లూ మా పెరట్లోకి కూడా వెలుగు చిమ్ముతాయి. నానమ్మ లేదు. నాన్న డబ్లిన్‌లో పెద్ద ఆఫీసులో ఉన్నారు, చీకటి పడ్డాక బస్సు దిగుతారు, ఏదైనా చేద్దామా అంటే ఆన్‌లైన్లో దొరుకుతుంది కదా అంటారు. ఆ రోజులు పగవాడికి కూడా రాకూడదని ఆయన అన్నప్పుడల్లా నేను అవునంటాను. ఉద్యోగం పోయిన ఆ నాన్నే నాకు మళ్లీ కావాలని ఆయనతో ఎలా చెప్పను?