పది రోజులే కదా అనుకున్న దసరా

ఈ జగదల్‌పూర్ బట్టల కొట్టులో పనికి చేరినప్పుడే షావుకారు ఒక్క షరతు పెట్టాడు. దసరా రోజుల్లో కొట్టు తెల్లవారకముందే తెరవాలి, సెలవు మాట ఎత్తకూడదు. మా భద్రాచలం వైపు దసరా పది రోజులే కాబట్టి సంతోషంగా ఒప్పుకున్నాను.

ఊళ్లో నాట్లు పడుతున్నాయని ఈ రోజు వారం సెలవు అడిగాను.

“దసరాల అడగనంటివి గదా?”

“దసరాకు ఇంక రెండు నెలలున్నది గదా అయ్యా!”

“ఏంది ఉన్నది? దసరా రథానికి అడివి నుంచి కొయ్య వచ్చింది, పొద్దున పూజ అయింది. ఈడ దసరా డెబ్బై అయిదు దినాలు. ఇయ్యాలే మొదలు.”

ఇంతలో వాన పడింది. కొయ్యను చూడవచ్చిన జనమంతా కొట్టులోకి చొరబడి, చీరలన్నీ విప్పించి, వాన తగ్గగానే ఒక్కటీ కొనకుండా వెళ్లిపోయారు. మా తెలుగు సరిహద్దు వైపు ఉసూర్ నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె మాత్రం ఆగి, మా ఊళ్లో దసరా ఎన్నాళ్లని అడిగింది. పది రోజులన్నాను.

“అయ్యో కొడుకా, పదేనా!” అని జాలిపడింది.

మా ఇద్దరిలో ఎవరి మీద జాలిపడాలో మీరే చెప్పండి. తొందరేం లేదు, నేను ఇంకా డెబ్బై నాలుగు రోజులు ఇక్కడే ఉంటాను.