స్వరూపక్కకు నేను చెప్పిన పుస్తకం

ఏడేళ్లుగా ఈ మాటను మింగలేక కక్కలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

గోదావరిఖనిలో ఒక ప్రైవేటు దవాఖానలో నేనూ స్వరూపక్కా నర్సులం. ఆమె పేరు మార్చి రాస్తున్నాను. నాకంటే ఆరేళ్లు పెద్దది. నరం దొరకని ముసలివాళ్లకు సెలైన్ ఎక్కించడం దగ్గర నుంచి పేషంటు బంధువుల కోపం చల్లార్చడం దాకా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. భర్త వదిలేసి పోయాక, బొగ్గుబాయిలో పనిచేసే తండ్రి ఇంట్లో కూతురితో ఉండేది. జపాన్‌లో నర్సులను తీసుకుంటున్నారని విని ఇద్దరం మంచిర్యాలలో భాష క్లాసుల్లో చేరాం. ఈసారి పరీక్ష పెట్టి మా బ్యాచ్ నుంచి ఒక్కరినే పంపుతారని సారు చెప్పిన రోజు నుంచి నేను మారిపోయాను. మారానా? లేక నా అసలు రూపమే అదా?

మాట్లాడటం ఇద్దరికీ వచ్చింది. రాతలో వాడే, బొమ్మల్లాంటి కంజి అక్షరాలే రాలేదు. స్వరూపక్క వాటిని ‘గంజి’ అని నవ్వేది. క్లాసులో ఇచ్చిన లావు పుస్తకంలో ఒక్కో అక్షరం కింద ఖాళీ గళ్లుండేవి. వాటిని నింపుకుంటూ పోవడమే. రెండు నెలలు నింపాను. పొద్దున నేర్చింది సాయంత్రానికి ఉండేది కాదు. అప్పుడే, జపాన్ వెళ్లొచ్చిన ఒకామె నాకు పల్చటి పుస్తకం ఇచ్చింది. అందులో ప్రతి అక్షరాన్నీ ముక్కలుగా విడదీసి చూపారు. మనిషి పక్కన చెట్టుంటే విశ్రాంతి. సూర్యుడి పక్కన చంద్రుడుంటే వెలుతురు. మూడు చెట్లు కలిస్తే అడవి. ఆ ముక్కలు వచ్చేసరికి కొత్త అక్షరం కూడా ఎప్పుడో చూసిన మొహంలా అనిపించింది.

ఒకరోజు డ్యూటీ గదిలో టీ తాగుతూ స్వరూపక్క అడిగింది.

“చెల్లె, నీకెట్ల ఎక్కుతున్నయే? నాకొక్కటి నిలుస్తలేదు. ముక్కల పుస్తకం ఏదో ఉంటదట, అది తెప్పించుకోవాల్నా?”

ఆ పుస్తకం నా సంచిలోనే ఉంది.

“అది దండుగ అక్క,” అన్నాను. “లావు పుస్తకమే పట్టుకో. ఒక్కొక్కటి వందసార్లు రాయి. నేను గట్లనే చేస్తున్న.”

“నువ్వు చెప్పినంక ఇంకేం ఫికర్,” అంది.

రాసింది. షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య, ఇంట్లో వంటకూ బట్టలకూ మధ్య రాసింది. వేలు కాయకాచింది. నోటుబుక్కులు తెచ్చి గీతలు సరిగ్గా ఉన్నాయా చూడమనేది. నేను దిద్దేదాన్ని. తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసేది అక్కడే.

ఎవరి పద్ధతి వాళ్లది, వందసార్లు రాసి నేర్చుకున్నవాళ్లు లేరా అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఉన్నారు. కానీ ఆ మాట నిజమని నమ్మి ఆమెకు చెప్పానా? నాకు రాక వదిలేసిన దారిని, రాదని తెలిసే ఆమెకు చూపించాను.

నేను పాసయ్యాను. ఆమె తప్పింది. మరుసటేడు మళ్లీ రాయమని సారు ఎంత చెప్పినా వినలేదట. తన బుర్రకు ఎక్కదని తేల్చేసుకుంది. తర్వాత దవాఖానలో ఇన్‌చార్జి పోస్టుకు పరీక్ష పెడితే, దానికీ కూర్చోలేదు. నేను లాక్కున్నది ఒక్క అవకాశమే అనుకున్నాను. కాదు.

పోయిన నెల జపాన్ నుంచి సెలవులో వచ్చి ఆమెను చూడబోయాను. కొత్త నర్సులను పిలిచి నన్ను చూపించింది. “ఇద్దరం ఒక్కటే పుస్తకం సదివినం. దీనికొచ్చింది, నాకు రాలే. తెలివి ఉండాలె,” అంది. మాటలో ఈర్ష్య లేదు. ఉంటే బాగుండేది. అట్లేం లేదక్కా అన్నాను. అందరూ దాన్ని అణకువ అనుకున్నారు.

అప్పుడూ చెప్పలేదు. ఇక ముందు చెప్తానని కూడా మాట ఇవ్వలేను. చెప్తే నా బరువు దిగుతుంది, ఆమె ఏళ్లు తిరిగి రావు అనే సాకు ఇప్పటికే సిద్ధం చేసి పెట్టుకున్నాను. మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతిలో లేదు. ఒక్కసారి ఉన్నదున్నట్టు రాస్తే ఊపిరాడుతుందని రాస్తున్నాను. స్వరూపక్కకు తెలివి తక్కువై కాదు. మేం చదివింది ఒక్క పుస్తకం కాదు. నేను దాచాను. తెలిసే దాచాను.