మొదటి గుడ్డకు పసుపు

మునిచంద్ర తిరుపతిలో పెళ్లిపత్రికలు అచ్చువేసేవాడు. 2009లో మా ప్రయోగశాలలో చేసిన నానో కార్బన్ సిరాను ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. కరెంటును దాచుకునే గుడ్డ కావాలి మాకు. మేం పూస్తే, మడవగానే సిరా పగిలిపోయేది.

"ఒకేతూరి దట్టంగా పూస్తే పగలకుండా ఎట్టుంటాది మేడం? పల్చంగా ఏడు పూతలేస్తా," అన్నాడు. ఆయన వేసింది పగల్లేదు.

పెళ్లిపత్రికల అలవాటుకొద్దీ మొదటి గుడ్డ నాలుగు మూలలకూ పసుపు పెట్టాడు. పరీక్షకు పనికిరాదని కసురుకుని, ఆయన ముందే చెత్తబుట్టలో వేశాను. ఆయన ఇంకొకటి వేసిచ్చాడు.

దానితో చిన్న బల్బు వెలిగిందని చెప్పడానికి వెళితే షాపు మూసి ఉంది. ఆయన పోయి పదకొండు రోజులైందని భార్య సుబ్బులమ్మ చెప్పింది.

ఇప్పుడు సిరా నేనే పూస్తున్నాను. మొదటి గుడ్డకు పసుపు పెడతాను. దాన్ని పరీక్షకు పంపను.