దేవదానం సార్ ఫొటో కింద మందు పేరు వద్దన్నాను

నిన్న పొద్దున మర్రిగూడలోని దేవదానం సార్ క్లినిక్ నుంచి ఫోన్. "అన్నా, డాక్టర్ సార్ పోయిండు."

బండి పక్కకు ఆపి, మళ్లీ చెప్పమన్నాను. మొన్ననే కదా, బీపీ గోలీలు మానేశానని నన్ను తిట్టారు! నమ్మబుద్ధి కావడం లేదు.

నేను మెడికల్ రెప్‌ని. మా కంపెనీ మందులు రాయమని డాక్టర్లను అడగడమే నా పని. వేరే క్లినిక్‌లలో మమ్మల్ని పక్క డోర్ నుంచి లోపలికి పిలుస్తారు. సార్ దగ్గర ఆ పప్పులు ఉడకవు. పేషెంట్లతో పాటు బల్ల మీద కూర్చోవాలి. మందు గురించి చెప్పాల్సింది కూడా ఆయనకు కాదు, ఎదురుగా ఉన్న పేషెంట్‌కు.

మొదటిసారి మోకాళ్లు వంగని ఒక అవ్వకు మా కొత్త నొప్పి గోలీ గురించి చెప్పాను. ఆమె అంతా విని, "పాత గోలీ కంటె గిది ఏం ఎక్కువ చేస్తది బిడ్డా?" అంది.

రేటు తప్ప ఏమీ ఎక్కువ కాదు. చేతిలోని కాగితాన్ని అటూ ఇటూ తిప్పాను.

సార్ నవ్వలేదు. "జర నీళ్లు తాగు" అన్నారు.

తర్వాత ఓసారి మా మేనేజర్, సార్‌ని మన కంపెనీ ఖర్చుతో ఫారిన్ టూర్‌కు ఒప్పించు, లేదా ఉద్యోగం మానుకో అన్నాడు. అప్పుడే మాకు పాప పుట్టింది. వెళ్లి ఉన్నమాట చెప్పేశాను.

సార్‌కు కోపం వచ్చింది. నా మీద కాదు.

"తీసుకుంటె నా లైసెన్స్ పోతది. ఇచ్చిన కంపెనీకి మాత్రం సుద్దులు చెప్పి ఇడిసిపెడ్తరు. నడుమ నీ మెడ మీద కత్తి. గిదేం రూలయ్యా?"

ఆయన వెళ్లలేదు. నా ఉద్యోగం పోయింది. ఇంకోచోట దొరికేదాకా "ఫికర్ చెయ్యకు" అని ఫోన్ చేస్తూనే ఉన్నారు.

ఆ ఏడాది నల్గొండలో డాక్టర్ల మీటింగ్‌లో లేచి నిలబడ్డారు. "కంపెనీకి సలహా గాదు, చట్టం గావాలె. ఏ డాక్టర్‌కు ఏం ఇచ్చిండ్రో దవాఖాన గోడ మీద రాయాలె. పేషెంట్ సూడాలె" అన్నారు. చాలామంది ఫోన్లు చూసుకున్నారట. ఆ తర్వాత నియమాలు మారాయి గానీ, ఆయన అడిగిన గోడ మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.

ఈరోజు సమాధి దగ్గర ఉండగా ఇప్పటి మేనేజర్ ఫోన్ చేశాడు. చౌరస్తాలో నివాళి ఫ్లెక్సీ వేయించమన్నాడు. పైన సార్ ఫొటో, కింద మా గోలీ పేరు!

ఒళ్లు మండింది. "ఎయ్య సార్" అన్నాను.

"నీ సంగతి చూస్త" అన్నాడు. చూసుకోనీ.

సార్, చౌరస్తాలో ఊరివాళ్లు పెట్టిన మీ ఫొటో కింద మీ పేరొక్కటే ఉంది. నిమ్మళంగా పడుకోండి.