మా పెద్దపిల్ల సర్దిన గది

మా పెద్దపిల్ల పోయింది. జ్వరమని దవాఖానకు తీసుకుపోతే, వారం తిరగకముందే బట్ట కప్పి ఇచ్చారు. చదువు తక్కువదాన్ని, రాయడం సరిగా రాదు. అయినా దాని గురించి నలుగురికి తెలియాలని రాస్తున్నాను.

సూరత్‌లో ఉన్ అనే పేట దగ్గర మాది ఒక్కటే గది. మా ఆయనకు మగ్గాల కార్ఖానాలో పని. నేను, ఆడపిల్లలిద్దరూ ఇంట్లో కూర్చొని చీరలకు వేలాడే దారాలు కత్తిరించేవాళ్లం. చీరల మూటలు గుమ్మం నుంచి పొయ్యి దాకా ఉండేవి. మా అత్త వాటి మీదే ఒరిగి నిద్రపోయేది. ఒకరు తిని లేస్తేనే ఇంకొకరికి విస్తరి వేసే చోటు. ఇల్లంటే ఇంతే కాబోలు అనుకునేదాన్ని.

పెద్దపిల్ల అట్లా అనుకోలేదు. ఒక ఆదివారం సామానంతా గల్లీలో పెట్టించింది. మా అత్త మూతి ముడిచింది.

"ఏందే, అన్నీ పారేస్తవా?"

"పారెయ్య అవ్వా. దేని జాగల దాన్ని పెడత. జాగ లేని వస్తువు దిక్కులేని దాని లెక్క."

గోడలకు చెక్క పలకలు కొట్టించింది. మూటలన్నీ ఒకే గోడకు, పైదాకా. అవ్వ మందులు చేతికందే ఎత్తులో. చెల్లెలి పుస్తకాలు పొయ్యి సెగ తగలని మూల. ఆ రాత్రి నేను నడుం చాచి పడుకున్నాను. అది ఎంత సుఖమో నాకు నా బిడ్డే చూపించింది.

మా ఆయన పని నుంచి వచ్చి అంగీ మూటల మీద విసిరేస్తే ఊరుకునేది కాదు.

"బాపూ, నీ అంగీకి కాళ్లున్నయా, నడిచిపోయి మేకు ఎక్కనీకి?"

"గిట్లయితే ఓనాడు నన్నుగూడ డబ్బాల పెట్టి మూత పెడతవ్."

"పడ్తవా మరి? ముందుగాల జర పొట్ట తగ్గించు."

ఇప్పుడు ఆయన అంగీ రోజూ మేకుకే ఉంటోంది.

దవాఖానలో సెలైన్ ఎక్కుతుంటే నన్ను దగ్గరికి పిలిచింది. "అమ్మా, బియ్యం డబ్బా మూత గట్టిగ పెట్టినవా? పురుగు పడ్తది."

"పెట్టిన బిడ్డా, నువ్వు పండుకో."

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే.

దాన్ని ఇంటికి తెచ్చినప్పుడు గది నడుమ పడుకోబెట్టడానికి చోటుంది. మునుపైతే గల్లీలోనే ఉంచేవాళ్లం. "ఇంత జాగ ఎట్ల చేసింది వదినా, ఈ పిల్ల?" అంది పక్కింటామె.

పదకొండో దినం అయ్యాక, దాని బట్ట ఒక్కటన్నా ఉతకకుండా దాచుకోవాలనిపించింది. ఒంటి వాసన పోకముందే. పలక పలకా వెదికాను. మా ఆయనవి ఉన్నాయి, అత్తవి, చిన్నదానివి, నావి ఉన్నాయి. దానివి లేవు.

"అక్క బట్టలేవే?" చిన్నదాన్ని అడిగాను.

"అక్కకు పలక మిగల్లేదమ్మా. దిండు గలీబుల కుక్కుకునేది. వాటి మీదనే పండుకునేది."

పోయినవాళ్ల చాప, దిండు ఇంట్లో ఉంచకూడదని మావాళ్ల ఆచారం. అది పోయిన రోజే మా మరిది పాడె వెంట తీసుకెళ్లి తాపీ నది ఒడ్డున పడేశాడు. చుట్టి ఇచ్చింది నేనే. ఆ పూట నా చేతులకు ఏ బరువూ తెలియలేదు.

చిన్నదాన్ని వెంటబెట్టుకొని తాపీకి పోయాను. బురదలో ఎందరివో చాపలు, ఎందరివో దిండ్లు. నీళ్లు తాగి అన్నీ ఒకే రంగయ్యాయి. కొన్ని పిగిలిపోతే కాకులు దూది లాక్కుపోతున్నాయి. చిన్నది ఒక్కో దిండు దగ్గర వంగి, గలీబు మూల తిప్పి లోపల బట్టలున్నాయేమో చూసుకుంటూ, ఒడ్డు వెంట చాలా దూరం పోయింది.