ఆ బల్ల మీద నేను పడుకున్న రోజు

1976లో ముంచింగిపుట్టు అవతల, ఒరిస్సా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో నాకు ఏఎన్ఎం ఉద్యోగం వచ్చింది. ఏఎన్ఎం అంటే గర్భిణులను చూసుకుంటూ కాన్పులు చేసే నర్సు. మాది విజయనగరం దగ్గర పల్లె. పట్నంలోని పెద్దాసుపత్రిలో శిక్షణ పొంది, పనిలో చేయి తిరిగిందన్న ధీమాతో కొండెక్కాను.

కేంద్రంలో కొత్త లేబర్ టేబుల్ ఉండేది. కాన్పు సమయంలో తల్లి వెల్లకిలా పడుకునే ఇనుప బల్ల అది. కాళ్లు ఎత్తి పెట్టుకోవడానికి చెరో పక్కా స్టిరప్స్ అనే ఊతలుంటాయి. రోజూ దాన్ని తుడిచి మెరిపించేదాన్ని. ఎనిమిది నెలలైనా దాని మీద ఒక్క కాన్పూ జరగలేదు. ఆడవాళ్లు మాత్రలు పట్టుకెళ్లేవారు, నొప్పులొస్తే మాత్రం ఇంట్లోనే కనేవారు. ఇక్కడివాళ్లు ఒట్టి మొండివాళ్లని మా అమ్మకు ఉత్తరం రాశాను.

దగ్గరి కొండ ఊళ్లో ఉండే సుక్రి అనే ఆమె సంగతి నన్ను భయపెట్టింది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు, ఆమె కూడా నెత్తురు పోయి చావు దాకా వెళ్లొచ్చింది. ఇప్పుడు రెండోసారి నెలలు నిండాయి. ఆమె అత్త దాలమ్మే ఆ ఊరి మంత్రసాని. సంతలకు తిరిగి తిరిగి తెలుగు నేర్చుకున్న మనిషి. నాలుగుసార్లు వాళ్ల ఊరికి నడిచివెళ్లి, ఈసారి నా దగ్గరకే తీసుకురమ్మని ఆమెను బతిమాలాను.

ఒక ఉదయం ఇద్దరూ వచ్చారు. సుక్రికి అప్పటికే నొప్పులు బాగా వస్తున్నాయి. గుమ్మం పట్టుకుని లోపలికి చూసింది, బల్లను చూసింది, వెనక్కి తిరిగి వరండా మూలన కూర్చుండిపోయింది. నేను నచ్చజెప్పాను, గదమాయించాను. చివరికి బిడ్డకేమైనా అయితే నా పూచీ కాదన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

దాలమ్మ కోడలి నడుం రాస్తూనే నెమ్మదిగా అంది.

"ఓపాలి నువ్వా బల్లెక్కి పడుకో సిస్టరమ్మా. కాళ్లు కూడా అలాగే పెట్టు. అప్పుడు సెప్పు మాకు."

అదెంత పని అన్న కోపంతోనే ఎక్కాను. అలాంటి బల్లల దగ్గర ఎన్నోసార్లు నిలబడ్డాను గానీ, ఏనాడూ పడుకోలేదు. ఇనుము వీపుకు చల్లగా తగిలింది. కాళ్లు పైకి పెట్టగానే ఒళ్లు జారిపోతున్నట్టు అనిపించి చేతులు ఆసరా కోసం వెతికాయి. పట్టుకోవడానికి ఏమీ లేదు. తల ఎత్తితే నా మోకాళ్ల మధ్య నుంచి గుమ్మం, గుమ్మం అవతల మలేరియా రక్తపరీక్షకు వచ్చిన మగవాళ్లు కనిపించారు. చీర ఒంటి మీదే ఉన్నా గబుక్కున కాళ్లు దగ్గరకు తీసుకున్నాను.

దిగి వచ్చి, మీ ఇంట్లో ఎలా కంటారని దాలమ్మను అడిగాను. అన్నాళ్లలో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. మోకాళ్ల మీద కూర్చుని పైనుంచి వేలాడే తాడు పట్టుకుంటారని, వెనక నుంచి ఇంకొకరు ఒడిసి పట్టుకుంటారని చెప్పింది.

మగవాళ్లను పెరటి షెడ్డులోకి పంపించాను. గుమ్మానికి నా చీర అడ్డం కట్టాను. నేల మీద తడి అంటని రబ్బరు గుడ్డ పరిచి, కిటికీ ఊచలకు దుప్పటి పేని కట్టాను. సుక్రి తనంతట తనే లోపలికి వచ్చి దాన్ని పట్టుకుంది. దాలమ్మ వెనక కూర్చుంది. నేను ఎదురుగా మోకరిల్లాను. ఇలా కాన్పు చేయడం నాకెవరూ నేర్పలేదు. గంట లోపే ఆడపిల్ల పుట్టి గట్టిగా ఏడ్చింది.

మాయ పడ్డాక, నేను భయపడినట్టే నెత్తురు ఆగలేదు. సుక్రిని పడుకోబెట్టి మెథర్జిన్ సూది తీశాను. గర్భసంచి బిగుసుకునేలా చేసే మందు అది. దాలమ్మ నా చెయ్యి పట్టేసుకుంది.

"వొద్దమ్మా. సూదేత్తే పాలు ఎండిపోతాయి."

ఈసారి నేను గదమాయించలేదు. ఆమె అరచేతిని కోడలి పొత్తికడుపు మీద పెట్టించి, ఎలా ఉందని అడిగాను. మెత్తగా ఉందంది. చెయ్యి తియ్యకుండా చూస్తూ ఉండమని చెప్పి, ఆమె తలూపాక సూది వేశాను. నాలుగైదు నిమిషాలకు ఆమె ముఖం మారింది.

"రాయిలాగయింది," అంది. నెత్తురు తగ్గింది. మూడో రోజున సుక్రికి పాలు కూడా బాగా పడ్డాయి.

తరువాత తనిఖీకి వచ్చిన డాక్టరుగారు బల్ల గోడవారకు ఎందుకు పోయిందని అడిగారు. జరిగిందంతా చెప్పాను. ఎవరికి ఎలా వీలైతే అలాగే చెయ్యమన్నారు. వానలు మొదలయ్యేసరికి దాలమ్మే పక్క ఊళ్ల ఆడవాళ్లను వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టింది. నాలో మంత్రసాని, ఆమెలో నర్సు కొంచెం కొంచెంగా చేరారు.

ఎవరైనా నా మాట వినకపోతే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కాకపోతే ముందు వాళ్లున్న చోట కాసేపు కూర్చుని చూడడం ఆ రోజు నుంచే అలవాటైంది. కొన్నేళ్లకు అనంతగిరి వైపు బదిలీ అయినప్పుడు, కాఫీ తోటలో పనిచేసే ఒకాయన టీబీ మాత్రలు మానేశాడు. తిట్టడానికి బయలుదేరి, వాళ్లింట్లో ఒక పూట ఉండిపోయాను. పొద్దున్నే ఖాళీ కడుపుతో మాత్ర మింగి ఎత్తు ఎక్కుతుంటే ఆయనకు కళ్లు తిరుగుతున్నాయి. మాత్రను అంబలి తాగే వేళకు మార్చాం. ఆయన చివరిదాకా ఒక్క రోజూ మానలేదు.